చేపల చెరువులో పురుగుమందు కలిసినపుడు
తూము తెరచుటకు ముందు చూడవలసిన గుర్తులు, చేయవలసిన పనులు

చేపల చెరువు గల రైతునకు తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరచుట క్రొత్త సంగతి కాదు. మబ్బు పట్టిన దినములలోను, మేత, ఎరువు ఎక్కువైన చెరువులలోను రాత్రివేళ నీటిలోని ప్రాణవాయువు తరిగిపోవును. అట్టి సమయమున తూము తెరచి క్రొత్త నీరు పెట్టుట, ఇంజను వేసి నీటిని గాలిలోనికి చిమ్ముట మన రైతులందరకును తెలిసిన ఉపాయమే. అది మంచి ఉపాయమే. కాని చేపలు వేరొక కారణమున కూడ అదే విధముగ పైకి తేలును. ఆ కారణము పురుగుమందు. మందు కలిసిన నీరు ఏ బోదె వెంట వచ్చినదో ఆ బోదెనే మరల తెరచినచో, మనము చికిత్స అనుకొన్నదే చెరువునకు రెండవ మోతాదు విషమగును. ఈ రెండు స్థితులను వేరుచేసి గుర్తించుట ఎట్లు, గుర్తించిన పిమ్మట ఏమి చేయవలెను, ఏమి చేయరాదు అను విషయములను ఈ వ్యాసమున వివరించుచున్నాను.

ఒక అనుభవము

2021 సెప్టెంబరు నెలలో నేను పనిచేయుచున్న మండలమునందు ఒక ఉదయము అరువది ఏండ్లు దాటిన రైతు ఒకరు ఫోను చేసి, చెరువులో చేప తేలుచున్నదని చెప్పిరి. ఆయన చెరువు 50 సెంట్లు. నీరు నాలుగు అడుగులు. బొచ్చె, శీలావతి పిల్లలను వదలి ఏడాది కావచ్చినది. దసరాకు వల వేసి, మేతకై తెచ్చిన అప్పు తీర్చుకొనవలెనని ఆయన తలంపు. నేను వెళ్లునప్పటికి ఏడు గంటలు. రాత్రియంతయు మబ్బుగా నుండెను. చేపలు నీటిపై నోళ్లు తెరచుచున్నవి. ప్రాణవాయువు కొరతయే అని తలంచి, "తూము పూర్తిగా ఎత్తండి" అని చెప్పితిని. నీరు గలగల పారినది. చేపలన్నియు అలవాటు చొప్పున తూము దగ్గరకే చేరినవి. అరగంట గడువక ముందే అక్కడనే వెల్లకిల పడసాగినవి.

వల పట్టుటకు వచ్చిన ముసలి బెస్త ఒకడు గట్టుపై కూర్చుండి చూచుచుండెను. అతడు, "బాబూ, బొచ్చె తేలితే గాలి లేదనుకుంటాం. అదిగో చూడండి, కొర్రమీను కూడా వెల్లకిల పడింది. పైకొచ్చి గాలి పీల్చుకునే చేప చచ్చిందంటే అది గాలి కాదు, మందు" అనెను. వెంటనే తూము మూయించితిని. బోదె వెంట పైకి నడచి చూడగా, క్రిందటి సాయంకాలము వరిలో ఆకుముడతకు సైపర్‌మెత్రిన్ కొట్టి, మిగిలిన ద్రావణమును బోదెలోనే పారబోసి, పిచికారీ యంత్రమును అక్కడనే కడిగిన గుర్తులు కనిపించినవి. ఖాళీ సీసా కూడ అక్కడనే తేలుచున్నది.

రైతు మొదట పొరుగువానిపై అనుమానించి కేకలు వేసెను. తగవు కొట్లాట వరకు పోవునట్లు ఉండెను. ఇంతలో ఆయన తమ్ముని కొడుకే ముందుకు వచ్చి, "నేనే కడిగాను పెదనాన్నా, ఆ నీరు చెరువులోకి వస్తుందనుకోలేదు" అని ఒప్పుకొనెను. ఆ దినమున చెరువులోని చేపలలో సుమారు మూడవ వంతు పోయినవి. అందులో కొంత నేను చూడక చెప్పిన మాట వలన పోయినదని ఇప్పటికిని నా మనస్సునకు తోచుచుండును. ఇతర అధికారులు గాని, రైతులు గాని అట్టి పొరపాటు చేయకుండుటకై దీనిని వ్రాయుచున్నాను.

ప్రాణవాయువు కొరతయా? విషమా?

చెరువు గట్టున నిలిచి, తూముపై చేయి వేయుటకు ముందు పది నిమిషములు ఈ క్రింది గుర్తులను పరిశీలింపవలెను.

మొదటిది, వేళ. ప్రాణవాయువు కొరత సాధారణముగ తెల్లవారుజామున సూర్యోదయమునకు ముందు తీవ్రముగ నుండును. ఎండ వచ్చి నీటిలోని పచ్చని నాచు పనిచేయసాగిన పిమ్మట చేపలు తేరుకొనును. విషమునకు వేళ లేదు. పగలు రెండు గంటలకైనను చేపలు తేలవచ్చును. ఎండ ఎక్కినను తేరుకొనవు.

రెండవది, చచ్చు చేపల పరిమాణము. ప్రాణవాయువు తరిగినపుడు ముందు పెద్ద చేపలు చచ్చును. చిన్నవి నీటి పైపొరయందు గాలి తగిలిన నీటిని పీల్చి కొంతసేపు నిలువగలవు. పురుగుమందు వలన పెద్దవి, చిన్నవి అను భేదము లేక చచ్చును. తరచుగా చిన్న పిల్లలు, పరిగెలు ముందు పోవును.

మూడవది, ఆ బెస్త చూపిన గుర్తు. కొర్రమీను, మార్పు వంటి చేపలు నీటిపైకి వచ్చి నేరుగా గాలి పీల్చుకొనగలవు. ప్రాణవాయువు కొరతలో ఇవి బ్రతికి, బొచ్చె, శీలావతి, ఎర్రమోసు చచ్చును. ఇవి కూడ చచ్చినచో విషమును అనుమానింపవలెను.

నాల్గవది, చేపల నడక. ప్రాణవాయువు కొరతలో చేపలు నీటిపై నెమ్మదిగా నిలిచి నోరు తెరచుచుండును. పురుగుమందులలో పెక్కు నరములపై పనిచేయును గనుక చేపలు తూకము తప్పి ప్రక్కకు ఒరిగి ఈదును. సుడి తిరుగును. ఉన్నట్టుండి నీటిపైకి ఎగిరిపడును. వణకును. ఆర్గానోఫాస్ఫరస్ జాతి మందులు తగిలిన చేపలలో కొన్నింటికి వెన్ను వంకరపోవుట, ప్రక్క రెక్కలు ముందునకు చాచుకొని బిగుసుకొనుట కనిపించును.

ఐదవది, చేపలు కాని ఇతర జీవులు. గాజు గ్లాసుతో చెరువునీరు ముంచి వెలుతురునకు ఎదురుగా చూడవలెను. ఆరోగ్యము గల చెరువునీటిలో చుక్కలవలె ఎగురుచు తిరుగు సన్నని జీవులు కనిపించును. అవి చేపపిల్లలకు సహజమైన మేత. పురుగుమందు కలిసినచో అవి అడుగునకు చేరి కదలకుండును. నీటిపై పరుగెత్తు పురుగులు, రొయ్యలు, పీతలు కూడ చచ్చియుండును. పురుగులను చంపుటకే చేసిన మందు కావున పురుగుజాతికి దగ్గరి బంధువులైన రొయ్య, పీత మొదట పోవుటలో వింత లేదు.

ఈ అయిదింటిలో రెండు మూడు విషము వైపు చూపినను, విషమే అని తలంచి పని ప్రారంభింపవలెను. తుది నిర్ణయము ప్రయోగశాల చేయును. అంతవరకు చేపలు ఆగవు.

ఎంత మందు చాలును?

"ఇంత పెద్ద చెరువులో నాలుగు చుక్కలు పడితే ఏమవుతుంది?" అని రైతులు అడుగుదురు. దీనికి లెక్కయే సమాధానము. ఒక సెంటు నేలపై ఒక అడుగు లోతున నిలిచిన నీరు సుమారు 12,300 లీటర్లు. పైన చెప్పిన చెరువు 50 సెంట్లు, లోతు 4 అడుగులు. అనగా 50ని 4తో, ఆపై 12,300తో గుణింపగా సుమారు 24 లక్షల 60 వేల లీటర్లు.

ఆ కుర్రవాడు పారబోసిన ద్రావణము సుమారు 8 లీటర్లు. లీటరు నీటికి 25 శాతపు సైపర్‌మెత్రిన్ 1 మిల్లీలీటరు చొప్పున కలిపినాడు. అనగా మందు 8 మిల్లీలీటర్లు. అందులో అసలు విషము సుమారు 2 గ్రాములు. ఒక గ్రాములో పది లక్షలవ వంతును మైక్రోగ్రాము అందురు. 2 గ్రాములు 20 లక్షల మైక్రోగ్రాములగును. చెరువంతట సమముగ కలిసినచో లీటరుకు సుమారు 0.8 మైక్రోగ్రాము. సైపర్‌మెత్రిన్ లీటరుకు 1 మైక్రోగ్రాము చుట్టుప్రక్కల ఉన్నపుడే కొన్ని జాతుల చేపలను చంపగలదని పరీక్షలలో తేలియున్నది. రొయ్యకు ఇంకను తక్కువ చాలును. అదియును, మందు చెరువంతట ఒకేసారి సమముగ కలియదు. తూము దగ్గర చిక్కగా నుండును. చేపలకు పారునీరు ఇష్టము గావున అక్కడనే గుంపు కూడును. 8 మిల్లీలీటర్లు అనగా మందు సీసా మూతకు అటునిటుగా పట్టునంత. అంత మాత్రమే ఒక సంవత్సరపు శ్రమను నీటిపాలు చేసినది.

డబ్బాపై రంగు గుర్తును నమ్మరాదు

మన దేశమున పురుగుమందు డబ్బాలపై ఎరుపు, పసుపు, నీలము, ఆకుపచ్చ రంగుల ముక్కోణపు గుర్తులు ఉండును. 1968 నాటి పురుగుమందుల చట్టము క్రింద 1971లో చేసిన నియమముల ప్రకారము ఇవి ముద్రింపబడుచున్నవి. ఎరుపు అత్యంత విషపూరితమును, ఆకుపచ్చ కొద్దిపాటి విషమును తెలుపును. అయితే ఈ రంగులు మనుష్యులవంటి ప్రాణులకు మందు ఎంత ప్రమాదకరమో తెలుపుటకై ఎలుకల వంటి జంతువులపై చేసిన పరీక్షల ఆధారముగ ఏర్పడినవి. చేపలకు అది ఎంత విషమో ఆ రంగు చెప్పదు.

పైరెత్రాయిడ్ జాతికి చెందిన సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్, లామ్డా సైహలోత్రిన్ మందులు ఎరుపు గుర్తు గల కొన్ని మందుల కంటె మనుష్యులకు తక్కువ ప్రమాదకరమైనను, చేపలకు మాత్రము మిక్కిలి విషము. క్లోరాంట్రానిలిప్రోల్ ఆకుపచ్చ గుర్తు గల మందు. చేపలపై దాని విషము తక్కువే. కాని చేపపిల్లలు తిను సన్నని నీటిజీవులను అది చంపును. 2011లో సుప్రీంకోర్టు ఉత్తర్వుతో ఎండోసల్ఫాన్ దేశమంతట నిలిచిపోయినది. చేపలకు అది మహా విషము. అది పోయినందున చెరువులకు భయము తీరినదని కొందరు అనుకొనుచున్నారు. అది సరికాదు. నేడు చేలలో వాడుచున్న మందులలోను చేపలను చంపునవి పెక్కు గలవు. కావున రంగు చూచి ఊరుకొనక, డబ్బాతో ఇచ్చు కరపత్రములో చేపలను గురించిన హెచ్చరికను చదువవలెను.

మొదటి గంటలో చేయవలసినవి

1. నీరు వచ్చు మార్గమును మూయవలెను. తూము పలక దింపి, సందులలో మట్టి కొట్టవలెను. బోదె పై భాగమున కూడ అడ్డుకట్ట వేయవలెను. నీరు పోవు తూమును కూడ తాత్కాలికముగ మూయవలెను. మన విషము దిగువనున్న వారి చెరువులోనికి పోరాదు.

2. పశువులను, బాతులను చెరువు దరికి రానీయరాదు. పిల్లలను నీటిలో దిగనీయరాదు. చేపలను తీయువారు చేతులకు రబ్బరు తొడుగులు, లేదా దళసరి ప్లాస్టిక్ సంచులు కట్టుకొనవలెను.

3. నీటికి గాలి తగులునట్లు చేయవలెను. ఏరేటరు ఉన్నచో వేయవలెను. లేనిచో ఇంజనుతో చెరువు నీటినే ఎత్తి చెరువులోనికే చిమ్మవలెను. ప్రాణవాయువు చాలినంత ఉన్న చేప విషమునకు కొంత తాళగలదు. ప్రాణవాయువు లీటరుకు 5 మిల్లీగ్రాములు, అంతకు మించి ఉండుట మేలు. 3 కంటె తగ్గినచో చేప క్రుంగును.

4. మంచి నీరు వేరొక మార్గమున లభించునేమో చూడవలెను. బోరుబావి నీరు దీనికి తగును. అయితే బోరునీటిలో ప్రాణవాయువు తక్కువ. దానిని నేరుగా విడువక, రాళ్లపైననో, మెట్లు మెట్లుగా అమర్చిన పలకలపైననో పడి చిమ్ముచు చెరువులోనికి దిగునట్లు చేయవలెను.

5. చెరువు చిన్నదైనచో, బ్రతికియున్న చేపలను వేరొక మంచి నీటి గుంటకు మార్చవచ్చును. ఎండలో వల లాగి నలిపినచో బ్రతుకవలసినవి కూడ పోవును. సాయంకాలము చల్లబడిన పిమ్మట, ఇరుకైన వల గాక, గుడ్డ వలతో మెల్లగా తీయవలెను.

నీటిని మార్చునపుడు ఈ లెక్క గుర్తుంచుకొనవలెను. సగము నీరు తీసి సగము మంచి నీరు పెట్టిన విషము సగమగును. రెండవ పర్యాయము అట్లే చేసిన నాల్గవ వంతగును. మూడవ పర్యాయమునకు ఎనిమిదవ వంతగును. ఒకేసారి అంతయు తీయుట కంటె విడతలుగా మార్చుట చేపలకు శ్రేయస్కరము. తీసిన నీటిని కాలువలోనికి గాని, మురుగు కాలువలోనికి గాని విడువరాదు. గట్లు గల బీడు మడిలో నిలువగట్టి ఎండకు, మట్టికి వదలవలెను. సూర్యరశ్మి వలనను, మట్టిలోని సూక్ష్మజీవుల వలనను పెక్కు మందులు క్రమముగ విరిగిపోవును.

చేయరాని పనులు

చెరువులో ఏదేని తేడా కనిపించినంతనే ఏదో ఒకటి చల్లవలెనని రైతు చేయి తొందరపడును. ఆనాడు తూము మూయించిన వెంటనే ఆ రైతు కూడ, "సున్నం చల్లమంటారా ఆఫీసరు గారూ?" అని అడిగెను. అప్పటికి నాకు జాగ్రత్త వచ్చినది. "ఆగండి, ఇప్పుడు ఏదీ చల్లొద్దు" అని చెప్పితిని. కారణములు ఇవి.

సున్నము నీటి క్షారగుణమును పెంచును. కొన్ని మందులు క్షారనీటిలో త్వరగా విరుగునన్న మాట నిజమే. కాని ఏ మందు పడినదో తెలియక దానిని చల్లుట గ్రుడ్డి దెబ్బ. మేత ఎక్కువగా వేసిన చెరువులో అమ్మోనియా ఉండును. నీటి క్షారగుణము పెరిగిన కొలది ఆ అమ్మోనియా చేపలకు విషమైన రూపమునకు మారును. ఒక విషముతో పోవలసిన చేప రెండింటి పాలగును.

పొటాషియం పర్మాంగనేటును కొందరు సర్వరోగ నివారిణిగా తలచుచున్నారు. అది తగిన మోతాదున, తగిన పనికి మంచిదే. మోతాదు మించినచో అదియే చేపల మొప్పలను కాల్చును. అలసిన చేపపై దానిని ప్రయోగింపరాదు.

యూరియా, పేడ, కోళ్ల ఎరువు, మేత ఏదియు వేయరాదు. విషము తగిలిన చేప మేత ముట్టదు. ఆ మేత క్రుళ్లి ఉన్న ప్రాణవాయువును కూడ హరించును. చచ్చిన చేపలను నీటిలో విడిచినను అదే నష్టము. కలుపు మందు పడి చెరువులోని నాచు, మొక్కలు చచ్చిన చోట కూడ ఇట్లే అగును. మందు వలన కాక, క్రుళ్లిన నాచు వలన రెండు మూడు దినముల పిమ్మట చేపలు చచ్చును. అట్టి చెరువులను వారము దినములు తెల్లవారుజామున కనిపెట్టి ఉండవలెను.

చచ్చిన చేపలను తినరాదు, అమ్మరాదు

చెరువులో చేప తేలినదన్న వార్త వినినంతనే ఊరివారు బుట్టలు పట్టుకొని వచ్చుట మామూలు. "ఇంకా కదులుతూనే ఉంది, తాజా చేపే కదా" అందురు. చవుకగా కొని సంతలో అమ్ముటకు వ్యాపారులు కూడ సిద్ధమగుదురు. నష్టపోయిన రైతునకు నాలుగు రూపాయలు వచ్చునను ఆశ కలుగుట సహజమే. అయినను దీనిని గట్టిగా ఆపవలెను. ఏ మందు పడినదో తెలియని నీటిలో చచ్చిన చేప ఆహారము కాదు. ఉడికించినంత మాత్రమున, ఎండబెట్టినంత మాత్రమున విషము పోవునని నమ్మరాదు. కోళ్లకు, కుక్కలకు, పందులకు కూడ వేయరాదు.

ఆహారములో పురుగుమందు కలిసిన ఏమగునో 1958లో కేరళలో జరిగిన దుర్ఘటన తెలుపుచున్నది. రవాణాలో పారథియాన్ అను పురుగుమందు తగిలిన గోధుమపిండిని తిని నూరుమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. ఆ పిమ్మట జరిగిన విచారణల ఫలితముగనే 1968 నాటి పురుగుమందుల చట్టము వచ్చినది.

చచ్చిన చేపలను ఏరి, చెరువునకు, బావికి, బోరునకు దూరముగ లోతైన గోయి త్రవ్వి, సున్నము చల్లి పూడ్చవలెను. కుక్కలు త్రవ్వకుండ పైన ముండ్లకంప వేయవలెను. ఎవరైన ఆ చేపను తిని వాంతులు, చెమటలు, నోట చొంగ, కంటిపాప కుంచించుకొనుట, వణుకు మొదలైన లక్షణములతో ఉన్నచో ఆలస్యము చేయక 108 వాహనమును పిలిచి ఆసుపత్రికి చేర్చవలెను. మందు డబ్బా దొరికినచో దానిని కూడ వైద్యునకు చూపవలెను. డబ్బాపై విరుగుడు వివరము ఉండును.

గ్రామాధికారులకు ఒక మాట

ఇట్టి సంఘటనలలో చేపల కంటె ముందు మనుష్యుల మధ్య సఖ్యత చచ్చుచున్నది. పాత పగలన్నియు ఆ దినమున పైకి తేలును. నిజమైన ఆధారములు ఉన్నచో అనుమానములకు తావుండదు. గ్రామాధికారి వెంటనే చేరి ఈ క్రింది వివరములు వ్రాసికొనవలెను. చేపలు మొదట తేలిన వేళ, ఏ జాతి చేపలు, ఎన్ని, ఏ పరిమాణమువి. క్రిందటి మూడు దినములలో చుట్టుప్రక్కల ఏ పొలములలో ఏ మందు కొట్టిరి. గాలి ఏ దిక్కున వీచినది, వాన పడినదా. నీరు ఏ మార్గమున చెరువులోనికి వచ్చినది. ఇద్దరు ముగ్గురు పెద్దల ఎదుట వ్రాసి సంతకములు తీసికొనవలెను. ఫోనుతో ఫోటోలు తీయుట మంచిది.

నీటి నమూనాలను ఆలస్యము చేయక తీయవలెను. మరునాటికి మందు పలుచనగుటయో, బురదకు అంటుకొనుటయో జరిగి ఏమియు దొరకకపోవచ్చును. శుభ్రమైన గాజు సీసాలు వాడవలెను. కొన్ని మందులు ప్లాస్టిక్‌కు అంటుకొనును గనుక ప్లాస్టిక్ సీసాలు తగవు. పాత మందు సీసాలను ఎట్టి పరిస్థితిలోను వాడరాదు. తూము దగ్గర ఒకటి, చెరువు మధ్య ఒకటి, బోదెలో పైభాగమున ఒకటి తీసి, సీసా అంచు వరకు నింపి, మూత బిగించి, నల్లగుడ్డ చుట్టి మంచులో పెట్టవలెను. చేపలలో కుళ్లిన వానిని గాక, కొన ఊపిరితో నున్నవానిని, లేదా అప్పుడే చచ్చినవానిని తీసి మంచులో ఉంచవలెను. ప్రతి దానిపై తేదీ, వేళ, చోటు వ్రాయవలెను. మత్స్యశాఖ వారికి, వ్యవసాయాధికారికి తెలిపి వారి ద్వారా ప్రయోగశాలకు పంపవలెను.

మరల పిల్లలను వదలుట ఎప్పుడు?

నీరు తేటగా కనిపించినంత మాత్రమున విషము పోయినదని తలంపరాదు. పైరెత్రాయిడ్ మందులు కొన్ని దినములలో నీటినుండి తగ్గినను అడుగు బురదకు అంటుకొని అక్కడ వారములు నిలువవచ్చును. చేపయే దీనికి మంచి కొలమానము.

ముందుగా రెండు బకెట్లు తీసికొనవలెను. ఒకదానిలో చెరువునీరు, రెండవదానిలో మంచి బావినీరు పోసి, ఒక్కొక్క దానిలో అయిదేసి వేలెడు చేపపిల్లలను వేసి ఒక దినము చూడవలెను. బావినీటిలో బ్రతికి చెరువునీటిలో చచ్చినచో ఇంకను వేచియుండవలెను. రెంటిలోను బ్రతికినచో, చెరువులో రెండు మూడు చోట్ల గుడ్డ హాపాలు కట్టి, అడుగు బురదకు దగ్గరగా ఉండునట్లు చేసి, ఒక్కొక్క దానిలో పది, ఇరువది పిల్లలను నాలుగు దినములు ఉంచవలెను. అన్నియు చురుకుగా ఉన్నచో, నీటిలో చుక్కలవంటి సన్నని జీవులు మరల కనిపించినచో అప్పుడు పిల్లలను వదలవచ్చును. చెరువును ఎండగట్టు అవకాశమున్న వారు అడుగు నెర్రెలు విచ్చునంత వరకు ఎండబెట్టుట అన్నింటి కంటె మేలు.

ఇంటిలోని గాజుతొట్టి

ఇండ్లలోను, పాఠశాలలలోను గాజుతొట్లలో రంగు చేపలు పెంచుట నేడు గ్రామములకు కూడ వచ్చినది. అక్కడను ఇదే సూత్రము. నీరు తక్కువ గనుక విషము త్వరగా పనిచేయును. 50 లీటర్ల తొట్టిలో పైన చెప్పిన పిచికారీ ద్రావణము ఒక చెంచాడు, అనగా 5 మిల్లీలీటర్లు పడినచో లీటరుకు 25 మైక్రోగ్రాములగును. దోమల మందు గదిలో కొట్టినపుడు, దోమల బిళ్ల లేదా ద్రావణపు యంత్రము తొట్టి ప్రక్కన వెలిగించినపుడు ఆ ఆవిరి కూడ చేపలకు హాని చేయును. వీనిలో పెక్కు పైరెత్రాయిడ్ జాతివే. గాలి పంపు గదిలోని గాలినే పీల్చి నీటిలోనికి త్రోయును గనుక, మందు కొట్టుటకు ముందు తొట్టిని వేరొక గదికి మార్చుటయే ఉత్తమము. మందు కొట్టివచ్చిన చేతితో మేత వేయరాదు.

పొరపాటున ఏదేని కలిసినచో చేపలను వెంటనే అదే వేడిమి గల మంచి నీటి బకెట్‌లోనికి మార్చవలెను. కుళాయి నీటిలో క్లోరిన్ ఉండును గావున ఒక దినము తెరచి నిలువ ఉంచిన నీరు ఎల్లప్పుడు ఒక బకెట్ సిద్ధముగ ఉంచుకొనుట మంచిది. తొట్టి నీటిని పారబోసి, గులకరాళ్లను, గాజును సబ్బు వాడక పలుమార్లు కడుగవలెను. చేపలను మరల వేసిన పిమ్మట కొన్ని దినములు వడపోతలో ఉత్తేజిత బొగ్గు ఉంచినచో మిగిలిన విషమును చాలవరకు పట్టుకొనును. వంటబొగ్గు దానికి బదులు కాదు.

ముందు జాగ్రత్తలు

వచ్చిన పిమ్మట చేయు చికిత్స కంటె రాకుండ చూచుకొనుట సులభము. కొల్లేటి చుట్టుప్రక్కలను, గోదావరి, కృష్ణా డెల్టాలలోను గట్టుకు ఒకవైపు వరి, రెండవవైపు చేప ఉండుట సామాన్యము. తెలంగాణములో పత్తి, మిరప చేల దిగువన కుంటలు, చెరువులు గలవు. కావున ఈ నియమములు అందరును పాటింపవలెను.

మందు కలుపుట, యంత్రము కడుగుట చెరువు గట్టున గాని, బోదెలో గాని చేయరాదు. కడిగిన నీటిని మందు కొట్టిన పొలములోనే చల్లవలెను. ఖాళీ డబ్బాలను మూడు పర్యాయములు కడిగి, ఆ నీటిని పిచికారీ యంత్రములోనే పోసికొని, డబ్బాకు తూట్లు పొడిచి పూడ్చవలెను. చెరువు వైపు గాలి వీచునపుడు మందు కొట్టరాదు. చెరువు ప్రక్కనున్న కొన్ని సాళ్లను మందు లేక విడువవలెను. వాన వచ్చు సూచన ఉన్నచో ఆ దినము మానవలెను. మందు కొట్టిన మడిలోని నీటిని కొన్ని దినములు గట్టు దాటనీయరాదు. చెరువుకు పై పొలముల రైతులు మందు కొట్టు దినమును చెరువు రైతునకు ముందుగ తెలుపుట, ఆ దినము చెరువు తూము మూసి ఉంచుట ఊరికొక కట్టుబాటుగ చేసికొనవలెను. తవుడు, చెక్క నిలువచేయు గదిలో పురుగుమందు పెట్టరాదు. మందు డబ్బాతో మేత కొలువరాదు.

ఆ సెప్టెంబరు దినమున మిగిలిన చేపలను ఆ రైతు కాపాడుకొనెను. దసరాకు కాక సంక్రాంతికి వల వేసి అప్పులో కొంత తీర్చెను. ఇప్పుడు ఆ కుర్రవాడే సాయంకాలము మందు కొట్టువారి దగ్గరకు పోయి, యంత్రము ఎక్కడ కడుగవలెనో చూపుచున్నాడు. రైతు సోదరులారా, చేప తేలిన ఉదయమున తొందరపడకుడు. తూము తెరచుటకు ముందు కొర్రమీనును చూడుడు, గ్లాసులో నీటిని చూడుడు, బోదె వెంట నాలుగు అడుగులు పైకి నడువుడు. ఆ పది నిమిషములే మీ చెరువును నిలుపును.